చెన్నైలో హోటల్ రూమ్ బాగోలేదా? డబ్బు వెనక్కి రాబట్టుకోవడం ఎలా?

ఫొటోల్లో తెల్లటి దుప్పట్లు, కిటికీలోంచి వెలుతురు. తీరా వెళ్తే గోడకి చెమ్మ, కొళాయిలో సన్నటి ధార, రిసెప్షన్‌లో "మేనేజర్ లేరు సార్" అనే కుర్రాడు. సెలవులకు చెన్నై వెళ్ళి ఎగ్మూరులోనో, టీ నగర్‌లోనో, ట్రిప్లికేన్‌లోనో దిగే మనవాళ్ళు చాలామంది "రెండు రోజులే కదా" అని సర్దుకుపోతారు. ఇంటికొచ్చాక కోపమంతా రివ్యూలో వెళ్ళగక్కుతారు. అప్పటికి చేతిలో ఆధారం ఉండదు, అడగాల్సిన సమయమూ దాటిపోతుంది. డబ్బు తిరిగి రావాలంటే పని హోటల్లో ఉండగానే, వీలైతే మొదటి గంటలోనే మొదలుపెట్టాలి.

1. సామాన్లు విప్పకముందే రూము చూడండి

పెట్టెలు మంచం మీద పెట్టకండి, బల్ల మీద ఉంచండి. లోపలికి రాగానే ఏసీ 24లో పెట్టి తలుపులు మూసేయండి, గీజర్ స్విచ్ వేయండి. రెండింటికీ పావుగంట పడుతుంది, ఈలోగా మిగతావి చూడొచ్చు.

ముందు పరుపు. దుప్పటి మూల ఎత్తి, పరుపు కుట్ల వెంటా, తల వైపు చెక్క సందుల్లోనూ ఫోన్ టార్చి వేసి చూడండి. సిరా చుక్కల్లాంటి నల్లటి మరకలు వరసగా కనిపిస్తే నల్లులున్నట్టే. అలాంటప్పుడు దుప్పటి మారుస్తామంటే ఒప్పుకోకండి, నల్లులుండేది దుప్పట్లో కాదు. రూమే మార్చాలి. పక్క రూము వద్దు, వేరే అంతస్తులో అడగండి, ఎందుకంటే నల్లులు గోడ పగుళ్ళ వెంటా వైర్ల గొట్టాల వెంటా పక్క గదికి పాకుతాయి.

తర్వాత నీళ్ళు. షవరు, సింకు కొళాయి, ఫ్లష్ మూడూ ఒకేసారి వాడి చూడండి. చెన్నైలో చాలా హోటళ్ళు బోరు మీదా ట్యాంకర్ లారీల మీదా నడుస్తాయి. పొద్దున అందరూ ఒకేసారి స్నానాలకు దిగితే మిద్దె మీది ట్యాంకు ఖాళీ అవుతుంది. ట్యాంకు దగ్గరే ఉంది కదా అని పై అంతస్తు అడిగేవాళ్ళున్నారు. నిజానికి ట్యాంకుకి ఎంత కిందకు ఉంటే ధార అంత బలంగా వస్తుంది, అన్నిటికంటే పై అంతస్తుకే ఒత్తిడి తక్కువ. నీళ్ళు ఉప్పగా ఉన్నాయని, సబ్బు నురగ రావట్లేదని మాత్రం గొడవపడకండి. అది బోరు నీటి గుణం, రూము మార్చినా మారదు.

చివరగా తలుపు లోపలి గడియ, కిటికీ గొళ్ళెం, పక్క గదిలోకి తలుపేమైనా ఉంటే దాని తాళం చూడండి. లోపలికి రాగానే రూమ్ ఫ్రెషనర్ వాసన గుప్పుమంటే అనుమానించాల్సిందే. ఏసీ ఐదు నిమిషాలు తిరిగాక ముక్కవాసన బయటపడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల కాలంలో ఈ చెమ్మ బాధ ఎక్కువ.

2. వీడియో తీయండి, ఒకే బిగిన

తలుపు మీది రూము నంబరు దగ్గర మొదలుపెట్టి, ఆపకుండా లోపలికి నడుస్తూ, లోపం ఉన్న చోట పది సెకన్లు నిలబడండి. ముక్కలుగా తీస్తే "ఇది మా రూమే కాదు" అనడానికి వాళ్ళకు సందు ఇచ్చినట్టే. ఏసీ చల్లబడకపోతే రిమోట్ మీద కనిపించే అంకె, గోడ గడియారమో ఫోన్లో టైమో ఒకే ఫ్రేములో వచ్చేలా తీసి, అరగంట తర్వాత మళ్ళీ తీయండి. ఒరిజినల్ ఫైళ్ళు ఫోన్లోనే ఉంచుకోండి. వాట్సాప్‌లో పంపిన కాపీలో ఎప్పుడు, ఎక్కడ తీశారన్న వివరం పోతుంది. బుకింగ్ పేజీలో "ఏసీ, 24 గంటలూ వేడినీళ్ళు" అని రాసుంటే దాన్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత మార్చేస్తే మీ దగ్గర ఉంటుంది.

3. నోటితో చెప్పండి, వెంటనే రాసి పంపండి

రూములోంచి ఫోన్ చేసి ఊరుకోకండి, కిందికి వెళ్ళి మాట్లాడండి. రెండు ముక్కలు తమిళంలో అంటే పని త్వరగా కదులుతుంది. "తణ్ణి వరల" అంటే నీళ్ళు రావట్లేదు. "ఏసీ వేల సెయ్యల" అంటే ఏసీ పనిచేయట్లేదు. "వేర రూమ్ కుడుంగ" అంటే వేరే రూము ఇవ్వండి. కుర్రాణ్ణి తంబీ అనీ, పెద్దవాడైతే అణ్ణా అనీ పిలిస్తే చాలు. అరవడం వల్ల వచ్చేదేమీ లేదు. రాత్రి డ్యూటీలో ఉన్న మనిషి చేతిలో తాళాలే ఉంటాయి, డబ్బు తిరిగి ఇచ్చే అధికారం ఉండదు. అతని దగ్గర తీసుకోవాల్సింది మేనేజర్ నంబరు.

ఆ నంబరుకీ, హోటల్ వాట్సాప్‌కీ, బుకింగ్ యాప్‌లోని చాట్‌లోనూ ఒకే సందేశం పెట్టండి. ఇంగ్లీషులోనో తమిళంలోనో రాస్తే మంచిది. సారం ఇలా ఉండాలి:

"రూమ్ 304. ఈరోజు మధ్యాహ్నం 2.10కి దిగాం. 2.30కి ఏసీ పనిచేయడం లేదని రిసెప్షన్‌లో చెప్పాం. 3.30 లోపల బాగు చేయండి, లేదా వేరే ఏసీ రూము ఇవ్వండి. రెండూ కుదరకపోతే మిగిలిన రెండు రాత్రుల డబ్బు వాపసు ఇవ్వండి. వీడియో జతచేశాం."

కోపం, తిట్లు, "ఇంత ఘోరమైన హోటల్ చూడలేదు" లాంటివి వద్దు. రేపు బ్యాంకువాళ్ళో వినియోగదారుల కమిషనో చదివేది ఈ సందేశమే.

4. కచ్చితంగా ఎంత కావాలో లెక్క చెప్పండి

"మాకు న్యాయం చేయండి" అంటే ఎవరూ ఏమీ చేయరు. అంకె చెప్పాలి. రాత్రికి 2,400 రూపాయల రూము, 5 శాతం జీఎస్టీతో 2,520 అనుకుందాం. మూడు రాత్రులకు 7,560 కట్టారు. ఒక రాత్రి ఏసీ లేకుండా గడిపి మర్నాడు వెళ్ళిపోతున్నారు. ఉండని రెండు రాత్రులకు 5,040, మొదటి రాత్రిలో సగం 1,260, మొత్తం 6,300 అడగండి. కట్టిన పన్ను కూడా ఆ వాటాన తిరిగి రావాలి, చాలామంది ఇది మర్చిపోతారు. ఉన్న రాత్రికి కూడా మొత్తం డబ్బు అడిగితే బేరం అక్కడే తెగిపోతుంది. నల్లులు, మురుగు, గడియ లేని తలుపు లాంటివైతే మాత్రం మొత్తం అడగడం సబబే.

5. హోటలూ యాప్ మిమ్మల్ని బంతాట ఆడకుండా

ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. యాప్‌లో ముందే కట్టేస్తే "డబ్బు మా దగ్గర లేదు, యాప్‌ని అడగండి" అంటుంది హోటల్. "హోటల్ ఒప్పుకుంటేనే ఇస్తాం" అంటుంది యాప్. రెండూ నిజమే కావచ్చు, అందుకే ఇద్దర్నీ ఒక్కసారే ఎదురెదురుగా కూర్చోబెట్టాలి. రిసెప్షన్ బల్ల దగ్గర నిలబడి యాప్ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టండి, మేనేజర్ చేత "మాకు అభ్యంతరం లేదు" అనిపించండి. ఫిర్యాదు నంబరు తీసుకోండి. మేనేజర్ చేత అదే మాట వాట్సాప్‌లో ఒక వాక్యం రాయించుకోండి.

ఈ పని అయ్యేదాకా తాళం అప్పగించకండి. చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతే లెక్కలో మీరు రాలేదనో, మూడు రాత్రులూ ఉన్నారనో పడుతుంది. వెళ్ళేటప్పుడు ఎన్ని గంటలకు ఖాళీ చేశారో రాయించుకోండి.

యాప్ నాన్చితే వాళ్ళ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి, అంటే ఫిర్యాదులు చూసే అధికారికి, మెయిల్ పెట్టండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి.

6. బిల్లు చదవండి

జీఎస్టీ నంబరున్న బిల్లు అడగండి. తెల్లకాగితం మీద రాసిచ్చిన లెక్క ఎక్కడా నిలవదు. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 దాకా ఉన్న రూములకు పన్ను 5 శాతం, ఆపైన 18 శాతం. ఇంకా పాత 12 శాతమే వేస్తుంటే అడగండి. సర్వీస్ చార్జి అని విడిగా కలిపితే తీసేయమనండి. బలవంతంగా వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. గుర్తింపు కోసం ఆధార్ అడిగితే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ కాపీ ఇవ్వచ్చు.

రాత్రి బండెక్కి తెల్లారేసరికి చెన్నైలో దిగేవాళ్ళకు ఇంకో మాట. మధ్యాహ్నం 12కి చెక్ ఇన్ అయ్యే హోటల్లో పొద్దున ఆరింటికి రూమిస్తే అరరోజు అద్దె అదనంగా వేయడం మామూలే. ఫోన్లో "వచ్చేయండి సార్, ఇస్తాం" అన్న మాటను నమ్మకండి, మెసేజ్‌లో పెట్టించుకోండి. లేదా 24 గంటల చెకౌట్ ఉన్న లాడ్జి చూసుకోండి. అక్కడ మీరు దిగిన గంట నుంచే రోజు లెక్క.

7. ఇంటికొచ్చాక

క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే, హోటల్ వారంలో తేల్చకపోతే బ్యాంకులో డిస్ప్యూట్ వేయండి, అంటే ఆ చెల్లింపు మీద అభ్యంతరం చెప్పండి. "చెప్పిన సేవ అందలేదు" అన్నది కారణంగా రాసి వీడియో, సందేశాలు జతచేయండి. ఆలస్యం చేస్తే గడువు దాటుతుంది. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, కాదన్నా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయొచ్చు. యూపీఐలో ఎవరి సొంత ఖాతాకో కడితే ఈ దారి బాగా ఇరుకైపోతుంది, అందుకే హోటల్ పేరున్న క్యూఆర్‌కే కట్టాలి.

అదే వారంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులోనూ మాట్లాడొచ్చు. చాలా కంపెనీలు ఈ దశలోనే దిగివస్తాయి. దిగిరాకపోతే పదిహేను రోజుల గడువుతో హోటల్‌కి స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. దీనికోసం మళ్ళీ చెన్నై వెళ్ళక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, నెల్లూరైనా కరీంనగరైనా. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. వినియోగదారుల కేసుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే వేయొచ్చు, వీడియోలో విచారణ కోరవచ్చు. గడువు రెండేళ్ళు.

రివ్యూ అన్నిటికంటే ఆఖర్న రాయండి. ముందే రాస్తే బేరానికి మీ చేతిలో ఉన్నది పోతుంది. తారీకు, రూము నంబరు, ఏం పనిచేయలేదు, ఎన్ని గంటలకు చెప్పారు, వాళ్ళేం చేశారు, ఇంతే రాయండి. సిబ్బంది పేర్లు, దొంగలు మోసగాళ్ళు అన్న మాటలు పెడితే మీమీదే పరువునష్టం కేసు పెట్టే వీలుంటుంది. డబ్బు ఇచ్చాక రివ్యూ తీసేయమని అడిగితే తీయకండి, "ఫలానా రోజున వాపసు ఇచ్చారు" అని ఒక వాక్యం కలపండి. తర్వాత రూము వెతుక్కునే కుటుంబానికి రెండు విషయాలూ తెలియాలి.