ఉత్సాహం వస్తోంది, పని మాత్రం జరగడం లేదు: ఎక్కడ ఆగిందో చూసుకుందాం

గుంటూరులో మా ఇంటికి వచ్చేవాళ్ళలో సగం మంది ఏదో ఒకటి మొదలుపెట్టాలని అనుకుంటున్నవాళ్ళే. ఒకరికి వీణ, ఒకరికి గ్రూప్స్ పరీక్ష, మా పిన్నికి పచ్చళ్ళ వ్యాపారం. నాకేమో కొత్తపేటలో కూల్చేస్తున్న పాత ఇళ్ళ తలుపుల బొమ్మలు గీసి దాచుకోవాలని. అందరం ఒకటే మాట అంటాం: "మోటివేషన్ లేదండీ." నేను చూసినంతలో అది నిజమైనవాళ్ళు చాలా తక్కువ. కోరిక ఉంటుంది. ఆ కోరికకీ చేతికీ మధ్య ఎక్కడో తెగిపోయి ఉంటుంది. ఎక్కడ తెగిందో తెలిస్తే అతికించుకోవచ్చు. కింద ఉన్నవాటిలో మీది ఏదో చూసుకుని నేరుగా అక్కడికే వెళ్ళండి.

సమస్య: "నాకు దేనిమీదా ఆసక్తి కలగడం లేదు"

ముందు ఒక్క విషయం చూసుకోండి. రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి సరిగా లేకుండా, ఇదివరకు ఇష్టంగా చేసిన పని కూడా చేయబుద్ధి కాకుండా ఉంటే అది ప్రేరణకు సంబంధించిన గొడవ కాదు. డాక్టర్ని కలవండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ 14416 కి ఫోన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అలాంటిది ఏమీ లేకపోతే, కారణం ఎక్కువగా ఇదీ: ప్రేరణ అంటే పిడుగులా పడుతుందని ఎదురు చూస్తున్నాం. అది చాలా చిన్నగా వస్తుంది. వచ్చినప్పుడు దాన్ని గుర్తుపట్టం.

పరిష్కారం: వారం రోజులు జేబులో చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. రోజూ రాత్రి రెండు సంగతులు రాయండి. ఇవాళ ఎవర్ని చూసి కాస్త అసూయ పడ్డాను? ఇవాళ ఏది చూసి నడక ఆపి నిలబడ్డాను? అసూయ గురించి రాయడానికి మొహమాటం వేస్తుంది, అయినా రాయండి. పక్కింటాయన కారు కొంటే పట్టించుకోనివాళ్ళం, ఆయన వేణువు వాయిస్తుంటే లోపల ఎక్కడో గుచ్చుకుంటుందంటే, మనకు కావలసింది ఏదో ఆ గుచ్చుకోవడమే చెప్తుంది.

నా పుస్తకంలో ఆ వారం ఏడు రోజుల్లో ఐదు రోజులు తలుపులే ఉన్నాయి. వాటిలో ఒకటి ఇప్పటికీ కళ్ళకు కడుతుంది. టేకు తలుపు, రంగు వెలిసిపోయింది. ఇత్తడి గొలుసు గొళ్ళెం ఊగి ఊగి చెక్క మీద నెలవంకలా గీత పడింది. ఆ గీత లోతు వేలితో తడిమి చూశాను. ఆ ఇంట్లోవాళ్ళు ఎన్ని రాత్రులు ఆ గొళ్ళెం వేసుంటారో అనిపించింది. ఇంటికి వచ్చేదాకా మరో ఆలోచన రాలేదు. బొమ్మలు గీయాలన్న కోరిక నాకు ఎక్కడి నుంచో రాలేదు, అక్కడే ఉంది.

సమస్య: "రాత్రి వీడియో చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది, పొద్దున్నే ఏమీ ఉండదు"

అన్నిటికన్నా ఎక్కువ మందికి ఉన్నది ఇదే, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

కారణం: పాలు పొంగినప్పుడు గిన్నె నిండినట్టే కనిపిస్తుంది. మంట తగ్గగానే పాలు ఎన్ని ఉన్నాయో అన్నే ఉంటాయి. వేరేవాళ్ళ కథ విన్నప్పుడు మనకు కలిగే ఉత్సాహం అలాంటిదే. ఆ వేడిలో మనం "రేపటి నుంచి కష్టపడతాను" అనుకుంటాం. అందులో గంట లేదు, చోటు లేదు, చేతిలో వస్తువు లేదు. రేపు పొద్దున్నే పాలవాడు, పిల్లల బాక్సులు, ఆఫీసు అన్నీ తమ తమ టైముకి వచ్చేస్తాయి. టైము లేనిది ఆ నిర్ణయానికే.

పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో దీని గురించే ఒక వ్యాసం రాశారు. "ఇది సాధిస్తాను" అని మాత్రమే అనుకున్నవాళ్ళకన్నా, "ఫలానా సమయం రాగానే, ఫలానా చోట, ఫలానా పని చేస్తాను" అని ముందే నిర్ణయించుకున్నవాళ్ళు ఆ పని ఎక్కువగా పూర్తి చేస్తున్నారని ఆయన చూపించారు. ఆ సమయం, ఆ చోటు ఎదురుపడగానే అవే మనకు పని గుర్తుచేస్తాయి.

పరిష్కారం మా పిన్ని దగ్గర చూశాను. ఆవిడ ఉండేది బ్రాడీపేటలో. నాలుగేళ్ళ పాటు "పచ్చళ్ళు పెట్టి అమ్ముతానురా" అంటూనే ఉంది. పేరు ఏం పెట్టాలి, సీసాలు ఎక్కడ కొనాలి, ఇవే మాటలు. ఒక శనివారం సాయంత్రం నేను అడిగాను, "పిన్నీ, రేపు పొద్దున ఆరింటికి వంటగదిలో ఏం చేస్తావు?" కాసేపు ఆలోచించి, "అరకిలో గోంగూర తెచ్చి ఆకు కోస్తాను" అంది. కాగితం మీద అంతే రాశాం, ఫ్రిజ్‌కి అంటించాం.

ఆదివారం వెళ్ళేసరికి హాల్లో ఫ్యాను కింద పాత నూలు చీర పరిచి, కడిగిన ఆకు ఆరబెట్టి ఉంది. ఎర్ర కాడలు ఒక పక్కకు తీసింది. నూనెలో ఆకు మగ్గుతుంటే ఆ పులుపు వాసనకి మెట్ల దాకా నోరూరింది. ఉప్పు చేత్తో వెయ్యబోయి ఆగి, కాటా మీద తూచి, మనవడి పాత రూళ్ళ పుస్తకంలో రాసింది. ఇన్నేళ్ళలో ఆవిడ పచ్చడికి ఉప్పు తూచడం అదే మొదటిసారి. రెండో ఆదివారం చేసినదానికి బూజు పట్టింది, ఆకులో తడి ఉండిపోయింది. అదీ ఆ పుస్తకంలో ఉంది: "గంట ఎక్కువ ఆరాలి."

మీరు కూడా వీడియో ఆపిన వెంటనే, లేవకముందే, రేపటి పనిని ఒక్క వాక్యంలో రాయండి. ఎప్పుడు, ఎక్కడ, చేతిలో ఏం ఉంటుంది అనే మూడూ అందులో ఉండాలి. పది నిమిషాల్లో అయ్యేంత చిన్నదిగా పెట్టుకోండి.

సమస్య: "అందరికీ చెప్పేశాను, ఇప్పుడు చేయాలనిపించడం లేదు"

కారణం: "నేను లా చదివి జడ్జి అవుతాను" అనగానే నలుగురూ మెచ్చుకుంటారు. ఆ మెప్పుతోనే సగం జడ్జి అయిపోయినట్టు ఉంటుంది. గోల్విట్జర్ బృందమే 2009లో ఈ సంగతీ పరీక్షించింది. తమ ఉద్దేశాన్ని వేరొకరు గుర్తించారని తెలిసిన విద్యార్థులు, దానికి సంబంధించిన పని మీద తక్కువ సమయం పెట్టారు.

పరిష్కారం: ఒక్కరికే చెప్పండి. ఆ ఒక్కరూ "అబ్బా, గొప్ప ఆలోచన" అనేవాళ్ళు కాకూడదు. "శుక్రవారానికి ఎంత అయింది?" అని అడిగేవాళ్ళు కావాలి.

సమస్య: "ఆషాఢం వెళ్ళాక, ఉగాది నుంచి, ఒకటో తారీకు నుంచి..."

మంచిరోజు చూసుకోవడాన్ని నేను తప్పు పట్టను. అమెరికాలో 2014లో వచ్చిన ఒక పరిశోధన కూడా వారం, నెల, ఏడాది మొదట్లో జనం జిమ్‌కి ఎక్కువగా వెళ్తున్నారని చూపించింది. కొత్త మొదలు అనుకుంటే మనసు తేలికపడుతుంది, ఆ బలం నిజమైనదే. చిక్కంతా ఆ రోజుని నాలుగు నెలల దూరంలో పెట్టుకోవడంలో ఉంది. పరిష్కారం సులువు: దగ్గర్లో ఉన్న సోమవారం తీసుకోండి. పెద్ద ఆరంభం ఉగాదికే చేయండి, దానికి కావలసిన సామాను సోమవారం నుంచి సర్దండి.

సమస్య: పది రోజులు చేసి ఆపేశాను

మన పెద్దవాళ్ళు ఆరంభ శూరత్వం అని దీనికి ఎప్పుడో పేరు పెట్టేశారు. ఆ పేరు వింటే మనసు చిన్నబుచ్చుకుంటుంది కానీ, నాకు తెలిసి ఇది స్వభావంలో లోపం కాదు, లెక్కలో పొరపాటు. ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలు లండన్‌లో 96 మందితో కొత్త అలవాట్ల మీద చేసిన అధ్యయనం 2010లో అచ్చయింది. అలవాటు తనంతట తాను జరిగే స్థాయికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. మధ్యలో ఒక్క రోజు తప్పినా పెద్దగా నష్టం రాలేదు.

అంటే పదో రోజున "ఇంకా కష్టంగానే ఉందే" అనిపించడం మామూలే. పరిష్కారంగా నేను పాటిస్తున్నది ఇది: ఒక రోజు పోతే పోనివ్వండి, రెండో రోజు మాత్రం పోనివ్వకండి. రెండో రోజుకి పని సైజు తగ్గించండి. తలుపు మొత్తం గీయలేని రోజు నేను గొళ్ళెం ఒక్కటే గీస్తాను. దాన్ని పొద్దుటి కాఫీకి కట్టేశాను, గ్లాసు కింద పెట్టగానే పెన్సిలు తీయాలి.

సమస్య: చేస్తూనే ఉన్నాను, ఎవరూ చూడటం లేదు

బెజవాడ వెళ్ళినప్పుడు బందరు రోడ్డులో బాపు మ్యూజియం దగ్గర ఒకసారి ఆగండి, మన జెండా కథలో ఆ భవనానికీ చోటుంది. పింగళి వెంకయ్య గారు 1916లోనే జాతీయ జెండా ఎలా ఉండొచ్చో ముప్ఫై నమూనాలతో పుస్తకం వేశారు. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలప్పుడు గాంధీజీకి తన జెండా నమూనా ఇచ్చారు. మధ్యలో ఐదేళ్ళు. ఆ జెండాలో తెలుపు కూడా చేర్చాలని గాంధీజీ అన్నారు. అవకాశం బెజవాడకు వచ్చిన రోజున ఆయన దగ్గర ఇవ్వడానికి ఒక జెండా ఉంది. మీరు చేసినదాని మీద తేదీ వేసి, ఒక పెట్టెలో దాచండి. మూడు నెలలకోసారి ఆ పని తెలిసినవాళ్ళు ఒకరికి చూపించి, ఏం మార్చాలో అడగండి.

సమస్య: ఇంట్లో కుదరనివ్వడం లేదు

కారణం తరచుగా, మనం అనుమతి అడుగుతాం కానీ సమయం అడగం. "నేను వ్యాపారం చేయనా?" అంటే ఇంట్లో ప్రతివాళ్ళకీ ఒక భయం గుర్తొస్తుంది. "ఆదివారం ఆరు నుంచి ఎనిమిది దాకా వంటగది నాకు వదలండి" అంటే ఎవరైనా ఒప్పుకోగలరు. మా పిన్ని అలాగే అడిగింది. ఇప్పుడు ఆ రెండు గంటలూ ఇంట్లో కాఫీ బాబాయి గారే పెడతారు, హాల్లో ఇండక్షన్ స్టవ్ మీద, ఆరుతున్న గోంగూరని తొక్కకుండా గోడవారగా నడుస్తూ.