ఎక్స్‌ప్రొటెక్ట్‌లో రూల్ ఉన్నా రికార్డింగ్ లేదా? సమస్యలు - పరిష్కారాలు

సీసీ కెమెరాల వీడియోను చూపించి, రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ మైల్‌స్టోన్ ఎక్స్‌ప్రొటెక్ట్. ఏది జరిగితే ఏం చేయాలో దానికి చెప్పేదే రూల్. ఇందులో "రూల్ పెట్టాను, పని చేయడం లేదు" అనగానే చాలామంది ముందు కెమెరాను రీస్టార్ట్ చేస్తారు. లైవ్ వస్తుంటే కెమెరా జోలికి పోకండి. రూల్ ఏ పరికరాల మీద పెట్టారు, అవి ఏ గ్రూపులో ఉన్నాయి అన్నది ముందు చూడండి. తప్పు ఎక్కువగా అక్కడే దొరుకుతుంది. ఈ పనంతా సెట్టింగులు మార్చే మేనేజ్‌మెంట్ క్లయింట్‌లో చేయాలి, వీడియో చూసే స్మార్ట్ క్లయింట్‌లో కాదు.

సమస్య: కొత్త కెమెరా లైవ్‌లో కనిపిస్తుంది, రికార్డు కాదు

రూల్ తెరిచి చూడండి. పాత కెమెరాలను ఒక్కొక్కటిగా ఎంచుకుని ఉంటారు. అలాంటి రూల్‌కు కొత్త కెమెరా వచ్చిందన్న సంగతే తెలియదు. కెమెరాల పేర్లు తీసేసి వాటి స్థానంలో గ్రూపును ఎంచుకోండి. ఇక ఆ గ్రూపులో చేర్చిన ప్రతి కెమెరాకూ రూల్ దానంతటదే వర్తిస్తుంది. కెమెరా రికార్డ్ ట్యాబ్‌లో రికార్డింగ్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి.

లైవ్ కూడా రాకపోతే డిఫాల్ట్ స్టార్ట్ ఫీడ్ రూల్‌ను ఎవరో ఆపేసి ఉండవచ్చు. "ఇదెందుకులే" అనుకుని దాన్ని ఆపేసేవాళ్లు ఉంటారు. కెమెరా నుంచి వీడియో తెప్పించేదే ఆ రూల్.

సమస్య: గేటు దగ్గర పిల్లి కదిలితే బిల్డింగ్‌లోని కెమెరాలన్నీ రికార్డు అవుతున్నాయి

మోషన్ (కదలిక) ఏ కెమెరాలో వచ్చినా రికార్డింగ్ మాత్రం "ఆల్ కెమెరాస్" మీద మొదలయ్యేలా రూల్ రాశారు. రికార్డింగ్ ఎక్కడ జరగాలని అడిగే చోట, ఈవెంట్ (ఇక్కడ మోషన్) వచ్చిన పరికరం మీదే అన్న ఆప్షన్ ఎంచుకోవాలి. కొత్తగా రాయడం కంటే డిఫాల్ట్ రికార్డ్ ఆన్ మోషన్ రూల్‌ను కాపీ చేసుకుని మార్చుకోవడం మేలు. అందులో ఇది సరిగానే ఉంటుంది.

దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు. డిస్కు నిండితే గడువు తీరకముందే పాత ఫుటేజ్ చెరిగిపోతుంది. పైగా డిఫాల్ట్ స్టోరేజ్ గడువు 7 రోజులే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజాభద్రత చట్టం ప్రకారం, జనం ఎక్కువగా వచ్చే సంస్థలు ఫుటేజ్‌ను 30 రోజులు దాచాలి. షాపింగ్ మాల్‌లోనో ఆసుపత్రిలోనో సిస్టమ్ పెడుతుంటే వీడియోను దాచే రికార్డింగ్ సర్వర్ స్టోరేజ్ ట్యాబ్‌లో ఆ గడువును మొదటిరోజే మార్చేయండి.

సమస్య: మనిషి ఫ్రేమ్ సగం దాటాక క్లిప్ మొదలవుతుంది

అందరినీ ఎక్కువగా విసిగించేది ఇదే. రూల్‌లో తప్పేమీ కనిపించదు. మోషన్ ట్యాబ్‌లో "కీఫ్రేమ్స్ ఓన్లీ" టిక్కు ఉంటే సాఫ్ట్‌వేర్ కీఫ్రేమ్‌లను, అంటే వీడియోలో మధ్యమధ్య వచ్చే పూర్తి చిత్రాలను మాత్రమే పరిశీలిస్తుంది. సర్వర్ మీద భారం తగ్గించడానికి పెట్టిన ఏర్పాటు అది. కానీ కెమెరాలో స్మార్ట్ కోడెక్ (వీడియో సైజు తగ్గించే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే రెండు కీఫ్రేమ్‌ల మధ్య కొన్ని సెకన్లు గడిచిపోవచ్చు. ఈలోపు మనిషి వెళ్లిపోతాడు.

ముందు కెమెరాలో కీఫ్రేమ్ వ్యవధిని సెకనుకో రెండు సెకన్లకో తగ్గించండి. తర్వాత రికార్డ్ ట్యాబ్‌లో ప్రీ-బఫర్ (ఈవెంట్‌కు ముందటి కొన్ని సెకన్ల వీడియోను తాత్కాలికంగా దాచి ఉంచేది) ఆన్ చేయండి. రూల్‌లో "3 సెకన్ల ముందు నుంచి" అని రాసినా ప్రీ-బఫర్ లేకపోతే ఆ 3 సెకన్ల వీడియో ఎక్కడినుంచి వస్తుంది? కీఫ్రేమ్స్ టిక్కు తీసేయడం ఆఖరి మార్గం. కెమెరాలు ఎక్కువుంటే సర్వర్ సీపీయూ మీద భారం బాగా పెరుగుతుంది.

సమస్య: సైరన్ మోగదు, మోగితే ఆగదు

కెమెరా గ్రూపులో సైరన్ ఉండదు. కెమెరాలు, మైకులు, ఇన్‌పుట్‌లు, అవుట్‌పుట్‌లు దేనికది వేరే గ్రూపు. సైరన్ తగిలించిన అవుట్‌పుట్‌ను ఎనేబుల్ చేసి, అవుట్‌పుట్ గ్రూపులో పెట్టి, రూల్‌లో దాన్ని ఎంచుకోండి. ఆగకపోతే రూల్‌లో స్టాప్ యాక్షన్ లేదన్నమాట. ఇన్ని సెకన్ల తర్వాత ఆపాలని అందులో పెట్టండి.

సమస్య: గ్రూపులు సర్దాక కొన్ని రూల్స్ పని చేయడం మానేశాయి

గ్రూపును డిలీట్ చేస్తే కెమెరాలు పోవు, గ్రూపు మాత్రమే పోతుంది. కానీ దాన్ని నమ్ముకున్న రూల్ చెడిపోతుంది. సర్దుడు అయ్యాక "వాలిడేట్ ఆల్ రూల్స్" నొక్కితే ఏవి చెడ్డాయో తెలుస్తుంది. ఒకే గ్రూపులో 400, అంతకు మించి పరికరాలు ఉంటే గ్రూపు సెట్టింగ్స్ ట్యాబ్ అందుబాటులో ఉండదు. అంతస్తులవారీగా, గోడౌన్లవారీగా విడగొట్టుకోండి.

సమస్య: విదేశీ బ్రాంచిలో రూల్ వేళకాని వేళ నడుస్తుంది

టైమ్ ప్రొఫైల్ (రూల్ ఏ వేళల్లో నడవాలో చెప్పేది) ఆయా రికార్డింగ్ సర్వర్ స్థానిక సమయం ప్రకారం నడుస్తుంది. రాత్రి 10 అంటే హైదరాబాద్ సర్వర్‌కు ఇక్కడి 10, దుబాయ్ సర్వర్‌కు అక్కడి 10. రెండు చోట్లా ఒకే క్షణంలో మొదలవ్వాలంటే రెండు ప్రొఫైళ్లు కావాలి.

సమస్య: అలర్ట్ మెయిల్ రావడం లేదు

జీమెయిల్ అయితే మామూలు పాస్‌వర్డ్‌తో 2022 నుంచి కుదరడం లేదు. టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి యాప్ పాస్‌వర్డ్ (ఇలాంటి సాఫ్ట్‌వేర్ల కోసం గూగుల్ ఇచ్చే వేరే పాస్‌వర్డ్) తీసుకోండి. ఒక్క మెయిల్ వచ్చి తర్వాతివి రాకపోతే నోటిఫికేషన్ ప్రొఫైల్‌లో మెయిళ్ల మధ్య విరామం ఎంత పెట్టారో చూడండి. ఆ విరామంలో ఎన్ని ఈవెంట్లు జరిగినా ఇంకో మెయిల్ రాదు.