పాలపిట్ట బొమ్మ ఎలా వేయాలి?

దసరా వస్తే చాలు, నా ఫోన్ నిండా ఒళ్లంతా నీలం పూసిన పాలపిట్టలే. కొమ్మ మీద కూర్చున్న పాలపిట్ట రొమ్ము గోధుమరంగు, వీపు మట్టిరంగు. నీలం నడినెత్తిన, పొట్ట కింద, రెక్క అంచున, తోకలో ఉంటుంది. ఆ మెరుపంతా ఎగిరినప్పుడే.

సామాను: 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) నున్నటి కాగితం, 0, 2 నంబర్ల కుంచెలు, హెచ్‌బీ పెన్సిల్, వాటర్ కలర్స్. తెల్లరంగు మాత్రం కొనొద్దు. తెలుపంటే కాగితమే. మొఘల్ చిత్రకారులు వాడారు కదా అంటారు. వాడారు, మనం వాళ్లం కాదు.

ముందు కరెంటు తీగ మీది పిట్టను పదిసార్లు చూడండి. పండగకు పంజరంలో తిప్పే పిట్ట పనికిరాదు. రెక్కలు కట్టేసిన పిట్ట కూర్చునే తీరే వేరు, పైగా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని పట్టడమే నేరం. తలకో సున్నా, ఒంటికో కోడిగుడ్డు గీస్తే సగం పనైనట్టే.

అసలు తంటా ముడిచిన రెక్కతోనే. అందరూ చేపపొలుసుల్లా గీసేస్తారు. చేతిలో పేకముక్కలు మూసినప్పుడు పైముక్క మొత్తం కనబడి, కింది వాటి అంచులే తొంగిచూస్తాయి కదా, రెక్కా అంతే. వీపు పక్కనున్న ఈకలు పైన పరుచుకుంటాయి, పొడవాటి చివరి ఈకలు వాటి కిందికి దూరిపోతాయి. అవి పది ఉన్నా, బయటికి మెట్లలా కనిపించేది కొసలే. పదీ పూర్తిగా గీశారా, రెక్క విరిగినట్టుంటుంది.

అందుకే పై ఈకతో మొదలుపెట్టి కిందికి రండి. ఈక ఈకకూ ఆగి, ఇది దేని కింద ఉందని అడగండి. తేలకపోతే గీయొద్దు. రంగు కూడా ఒక ఈక ఆరాకే పక్క ఈకకు. తొందరపడి తడి మీద తడి వేసి నేను పాడుచేసిన కాగితాలకు లెక్కలేదు.

ఫొటో చాలదా అంటారు. ఫొటోలో నీడ పడితే ఈక పోయినట్టే. బొమ్మలో నీడను మనం తీసేయొచ్చు. 1770ల చివర్నుంచి 1780ల మొదటి దాకా కలకత్తాలో, అక్కడి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి భార్య మేరీ ఇంపీ కోసం పాట్నా నుంచి వచ్చిన షేక్ జైనుద్దీన్, భవానీ దాస్, రామ్ దాస్ వేసిన పక్షుల్ని చూడండి, ఈకలు లెక్కపెట్టుకోవచ్చు. వాళ్లు బొమ్మ కింద పేర్లు రాసుకున్నారు. అయినా లోకం వాటిని ‘ఇంపీ ఆల్బమ్’ అనే పిలుస్తుంది. కాబట్టి ఆఖరున మీ పేరు, ఊరు, తేదీ రాయండి, పెన్సిల్‌తో కాదు, ఇంకుతో.