ఐప్పసి వానకు ముందు, మొరాయించే కంప్యూటర్‌తో

మా పక్కింటి తమిళ పెద్దావిడ ఏటా దీపావళికి రెండు వారాల ముందు ఒక మాట గుర్తు చేస్తుంది: ‘ఐప్పసియిల్ అడైమళై, కార్తిగైయిల్ కనమళై.’ అక్టోబరు నడుమ మొదలయ్యే తమిళ నెల ఐప్పసిలో ఎడతెరిపి లేని వాన, ఆ తరువాతి కార్తికంలో కుండపోత. ఆ మాట అని ఆవిడ బియ్యం, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు సర్దుకుంటుంది. నేను హార్డ్ డిస్కులు సర్దుకుంటాను.

చెన్నైలో, అందులోనూ వేళచ్చేరిలో, తెలుగు డీటీపీ పని చేసుకుని బతికేవాడికి ఇది చాదస్తం కాదు. 2015 డిసెంబరులో అడయారు పొంగినప్పుడు మా వీధికి రోజుల తరబడి కరెంటు లేదు. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను చెట్లతో పాటు తీగలనూ నేలకూల్చింది. 2023లో మిచౌంగ్ మమ్మల్ని ముంచి, తీరిగ్గా పైకి వెళ్లి డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ప్రతిసారీ నీళ్లు తీశాక మా అపార్టుమెంటులో ఎవరో ఒకరు కంప్యూటర్ మోసుకుంటూ మెట్లెక్కి మా ఇంటికి వస్తారు. ‘నెల క్రితం నుంచే కాస్త తేడాగా ఉందండీ’ అన్నది అందరూ చెప్పే మొదటి మాట.

నేను చెప్పబోయేది ఆ నెల గురించే. బాగున్న కంప్యూటర్ నాలుగుసార్లు కరెంటు పోయి వచ్చినా తట్టుకుంటుంది. కొన ఊపిరితో నడిచేది ఒక్కసారి ఆగితే మళ్లీ లేవకపోవచ్చు. ‘వానలు తగ్గాక చూపిద్దాం’ అనుకునే సరుకు అది కాదు. సెప్టెంబరులోనే చూడాలి.

చూడటమంటే వెంటనే దుకాణానికి తీసుకెళ్లడం కాదు. ముందు ఫైళ్లకు నకలు తీయాలి, తరువాతే మరమ్మతు. ఈ వరుస తప్పి నేను ఒకసారి బాగా దెబ్బతిన్నాను. నా పాత డెస్క్‌టాప్ మాటిమాటికీ ఆగిపోయి, లోపం వచ్చిందని చెప్పే నీలి తెర చూపిస్తుంటే ఒక దుకాణంలో ఇచ్చి వచ్చాను. సాయంత్రానికి చక్కగా నడిచే కంప్యూటర్ చేతికి వచ్చింది. ఫార్మాట్ కొట్టారు, అంటే డిస్కును తుడిచేసి విండోస్ కొత్తగా ఎక్కించారు. రెండో ప్రూఫు దిద్దిన 212 పేజీల కవితా సంకలనం అందులో ఉండేది. వాళ్లను తిట్టి ఏం లాభం? నేను ‘బాగుచేయండి’ అన్నాను గాని ‘ఫైళ్లు కాపాడండి’ అనలేదు.

మూడో అంతస్తులో ఉండే విజయవాడ అమ్మాయి మొన్న ధీమాగా అంది: ‘డెస్క్‌టాప్ మీదివన్నీ డి డ్రైవ్‌లోకి మార్చేశాను బాబాయిగారూ, ఇక భయం లేదు కదా?’

‘ఉందమ్మా. నీ ల్యాప్‌టాప్‌లో డిస్కు ఒక్కటే. సి, డి, ఈ అనేవి ఒకే ఇంట్లో మూడు గదులు. ఇల్లు మునిగితే ఏ గదిలో ఉంటే ఏం?’

వేళచ్చేరి వాళ్లకు ఈ పోలిక వెంటనే అర్థమవుతుంది. డి డ్రైవ్ వల్ల ఒక మేలు ఉంది, కాదనను. సి డ్రైవ్‌ను మాత్రమే ఫార్మాట్ చేస్తే అందులోవి మిగులుతాయి. డిస్కే పోతే ఏదీ మిగలదు.

ఇక లక్షణాలు. అన్నీ ప్రాణాంతకం కావు. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏదో పాత సంవత్సరానికి వెళ్లిపోతుంటే మదర్‌బోర్డు మీది నాణెం లాంటి బ్యాటరీ అయిపోయి ఉంటుంది. సీఆర్2032 అని అడిగితే గడియారాల కొట్టులోనైనా ఇస్తారు. దానికి ఫార్మాట్ కొట్టాలన్నవారి దగ్గరి నుంచి కంప్యూటర్ వెనక్కి తెచ్చుకోండి. కాసేపు నడిచి వేడెక్కి ఆగిపోతుంటే ముందు ఫ్యాను దుమ్ము చూడాలి. హార్డ్ డిస్కు టిక్ టిక్ మంటుంటే మాత్రం అది వేరే కథ. లోపల పళ్లేల మీద తిరుగుతూ సమాచారం చదివే హెడ్ దారి తప్పుతోందని అర్థం. వెంటనే ఆపేయండి. ఇంకొక్కసారి చూద్దామని ఆన్ చేసిన ప్రతిసారీ పళ్లెం మీద గీత పడే ప్రమాదం ఉంది. అందులోని సమాచారం విలువైనదైతే నేరుగా డేటా రికవరీ చేసేవారి దగ్గరకే వెళ్లాలి. తిరిగే పళ్లేలు లేని కొత్తరకం డిస్కులు, ఎస్‌ఎస్‌డీలకు ఈ పాటి మర్యాద కూడా లేదు. చప్పుడు లేకుండా పోతాయి. వాటిలో చెరిపిన ఫైలును వెనక్కి తేవడం కూడా చాలావరకు కుదరదు, ఖాళీ అయిన చోటును అవి తామే శుభ్రం చేసుకుంటాయి.

డిస్కు మీద అనుమానం ఉన్నప్పుడు, విండోస్‌లోనే ఉండే డిస్కు తనిఖీ ప్రోగ్రాం చెక్‌డిస్క్ నడపమని సలహా ఇచ్చేవారు ఎక్కువ. నకలు తీయకముందు వద్దు. అది డిస్కు అంతటా తిరుగుతుంది, మరమ్మతు పేరుతో రాస్తుంది కూడా. అసలే రొప్పుతున్నవాడిని పరుగెత్తించినట్టు అవుతుంది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రాం డిస్కు తనను గురించి తాను రాసుకున్న ఆరోగ్య వివరాలను చదివి చూపిస్తుంది. అందులో పసుపు రంగు కనిపించినా సరే, ఆ రోజు వేరే పని పెట్టుకోకండి.

విండోస్ అసలు తెరుచుకోకపోతే? డిస్కు బాగుంటే భయం లేదు. ఇంకో కంప్యూటర్‌లో, విండోస్‌కు బదులు పనిచేసే ఉచిత వ్యవస్థ లైనక్స్ మింట్ దించుకుని 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో పెట్టి, దాని మీద నుంచే కంప్యూటర్‌ను నడపవచ్చు. ఇన్‌స్టాల్ చేయకుండా ‘ప్రయత్నించి చూడు’ అన్న పద్ధతిలోనే ఉంచి, ఫైళ్లను బయటి డిస్కులోకి లాగేయాలి. నేను ఇలా కాపాడిన శుభలేఖలకు లెక్క లేదు.

అయితే ఒక తాళం అడ్డు రావచ్చు, బిట్‌లాకర్. విండోస్ 11తో వచ్చే చాలా ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో ప్రవేశించగానే, మనకు తెలియకుండానే డిస్కుకు తాళం పడుతుంది. దాన్ని తెరవడానికి 48 అంకెల తాళంచెవి కావాలి. 2024 జూలై 19న ఒక భద్రతా సంస్థ పంపిన తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచంలో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర దగ్గర నిలిచిపోయినప్పుడు, ఎందరో ఈ అంకెల కోసమే వెతుక్కున్నారు. ఈ రోజే మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి వెళ్లి ఆ తాళంచెవిని కాగితం మీద రాసి, రేషన్ కార్డు ఉన్న కవరులో పెట్టండి. అదే కంప్యూటర్‌లో దాచుకున్నవారిని నేను చూశాను.

నకలు తీసేటప్పుడు వరుస ముఖ్యం. మళ్లీ దొరకనివి మొదట: సొంతంగా రాసుకున్నవి, లెక్కల ఫైళ్లు, పిల్లల ఫొటోలు. సినిమాలు చివర, లేదా అసలు వద్దు. 200 జీబీని పాత యూఎస్‌బీ 2 దారిలో పంపితే రెండు గంటలు సులభంగా పడుతుంది, అలిసిపోయిన డిస్కు అయితే రాత్రంతా. కాబట్టి రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేశాక కూర్చుంటే అందదు. 4 జీబీ దాటిన ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కనంటే అది ఫ్యాట్32 పద్ధతిలో ఉందని గుర్తించి, ఎక్స్‌ఫ్యాట్‌గా మార్చుకోండి. అందులో ముందే ఉన్నవి పోతాయి, చూసుకోండి.

మా డీటీపీ వాళ్లకు ఇంకొక గొడవ ఉంది. ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాంలో కంపోజ్ చేసిన ఫైలును ఒక్కదాన్నే దాచుకుంటే, కొత్త కంప్యూటర్‌లో అది తెలుగులా కాక పిచ్చి అక్షరాల గుంపుగా తెరుచుకుంటుంది. పాత ఫాంట్లు, ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాన్ని ఒకేలా గుర్తించే యూనికోడ్ పద్ధతివి కావు, ఆ ఫాంటు లేనిదే అక్షరం లేదు. ఫాంట్లు, కీబోర్డు ప్రోగ్రాం, పేజీలో అతికించిన బొమ్మల అసలు ఫైళ్లు అన్నీ ఒకే ఫోల్డరులో పెట్టి నకలు తీయాలి. దానితో పాటు ఒక పీడీఎఫ్ కూడా. తీసిన నకలును ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూసేదాకా అది నకలు కింద లెక్క కాదు.

ఎన్ని నకళ్లు? మూడు ఉండాలి, అవి రెండు రకాల వస్తువుల మీద ఉండాలి, ఒకటి ఊరు దాటి ఉండాలి. మా అన్నయ్య నెల్లూరులో ఉంటాడని నేను ఒక డిస్కు అక్కడ పెట్టేవాడిని. ఇక్కడికి వచ్చిన తుపానే అక్కడికీ వెళుతుందని ఆలస్యంగా వెలిగింది. ఇప్పుడది హైదరాబాదులో మరదలి ఇంట్లో ఉంది. ఆమె పండక్కి వచ్చి వెళ్లేటప్పుడు పాతది తెచ్చి కొత్తది తీసుకుపోతుంది. ఇంటర్నెట్‌లో దాచుకోవడమూ మంచిదే. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో మెయిలు, ఫొటోలు కూడా కలిసి ఉంటాయి కాబట్టి ముఖ్యమైన వాటికే సరిపోతుంది. కంప్యూటర్‌తో తనంతట తాను సరిచూసుకునే ఫోల్డరును మాత్రం పూర్తిగా నమ్మకండి. ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. చెత్తబుట్టలో నెల రోజులు ఉంటుంది, అంతే.

ఫైళ్లు భద్రమయ్యాక మరమ్మతుకు ధైర్యంగా దిగవచ్చు. వానల్లో బ్రాడ్‌బ్యాండ్ మొదటి రోజే పోతుంది కాబట్టి విండోస్ ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్‌ను, వైఫైని పనిచేయించే డ్రైవరు ప్రోగ్రాంను ముందే తయారుచేసి పెట్టుకోండి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మళ్లీ దాన్నే ఎక్కించే ముందు మీ యంత్రం 11ను మోయగలదేమో చూడండి. విండోస్ రీసెట్‌లో ‘నా ఫైళ్లు ఉంచు’ అన్నది ఎంచుకున్నా ప్రోగ్రాములు పోతాయి. కేబుల్, డిస్కు పెట్టె వంటివి కావలసి వస్తే చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌కు ఎండ ఉన్న రోజే వెళ్లి రండి. పాడైన డిస్కు మార్చడానికి ఇస్తే పాతదాన్ని వెనక్కి అడిగి తీసుకోండి. మీ బ్యాంకు కాగితాలు అందులోనే ఉంటాయి.

హెచ్చరిక వచ్చిన సాయంత్రం పని తక్కువే. స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్గు పీకాలి. మోడెం నుంచి వచ్చే నెట్‌వర్క్ కేబుల్ కూడా తీయాలి, పిడుగు ఆ దారినా వస్తుంది. నేల మీది క్యాబినెట్‌ను బల్ల మీదికి ఎక్కించండి. అటక మీద వద్దు, మా అటకలు కారతాయి. బయటి డిస్కును చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా పొట్లంతో కలిపి, గాలి చొరని కవరులో కట్టి మీతో ఉంచుకోండి. యూపీఎస్ ఉన్నవాళ్లు ముందే ఒకరోజు ప్లగ్గు తీసి అది ఎన్ని నిమిషాలు నిలుస్తుందో చూసుకోండి. రెండు మూడేళ్ల బ్యాటరీ పది నిమిషాలంటూ రెండు నిమిషాలకే చేతులెత్తేస్తుంది.

నీళ్లు తగిలిన కంప్యూటర్‌ను ఎండలో పెట్టి, బియ్యంలో పూడ్చి, మర్నాడే ఆన్ చేయకండి. డిస్కు విప్పించి విడిగా చూపించండి. నీళ్లు తగలకపోయినా, కరెంటు వచ్చిన వెంటనే ప్లగ్గు పెట్టవద్దు. వీధి చివర ఇళ్లకు కరెంటు పంచే పిల్లర్ బాక్సు దగ్గర పని జరుగుతున్నంతసేపు వోల్టేజీ ఎగిరి పడుతూ ఉంటుంది. మా ఇంట్లో ముందు ఫ్యాను వేస్తాము. అది అరగంట సాఫీగా తిరిగితే అప్పుడు కంప్యూటర్.