ఇంటి కుట్టు, 6వ పాఠం: తల దూరని గౌను

ఈసారి కుచ్చుల పాఠం అన్నాను కదా, అది వాయిదా. పోయిన పాఠంలో రెండేళ్ళ పిల్ల గౌనుకి పై భాగం కత్తిరించమన్నాను. కత్తిరించారు. అప్పట్నుంచి నా ఫోన్ నిండా మెడలే. ఒకరి గౌను పిల్ల భుజం మీంచి మోచేతి దాకా జారిపోయింది. ఇంకొకరిది తల దగ్గరే ఆగిపోయింది. మరొకరు బలవంతాన తొడిగారట, ఇప్పుడు తియ్యడం ఎలాగని అడిగారు.

దూరం వాళ్ళ సంగతి అలా ఉంచండి, మా పక్కింట్లోనే జరిగింది. ఆవిడ ఒరియా ఆవిడ. నా దగ్గర చూసి, మనవరాలికి పసుపు రంగు వాయిల్ గౌను తనే కుట్టింది. అరుగు మీద పిల్లని నిలబెట్టి తొడుగుతోంది. గుడ్డ చెవుల దాకా దిగి ఆగిపోయింది. రెండు చేతులూ పైకి, ముఖం లోపల, ఏడుపు మాత్రం బయటికి. "ముండొ గళుని, ముండొ గళుని" అంటోంది ఆవిడ. తల దూరడం లేదని. ఒడిశాలోని ఈ పర్లాకిమిడిలో ఇన్నేళ్ళున్నా, తలని వాళ్ళు ముండొ అన్నప్పుడల్లా నా తెలుగు చెవి ఓసారి ఉలిక్కిపడుతుంది. వెళ్ళి నేనే వెనక మధ్యలో కత్తెర పెట్టి నాలుగు అంగుళాలు చీల్చాను. పిల్ల బయటపడింది. ఆ చీలికే ఈ పాఠం.

తప్పు ముందు నాది. "మెడకి మార్జిన్ వదలకండి" అని ఒక్క ముక్క రాసి ముందుకెళ్ళిపోయాను. ఆ మార్జిన్, అంటే కుట్టు కోసం గీత దాటి వదిలే గుడ్డ, ఎందుకు వదలకూడదో రాయలేదు. చీలిక సంగతి అసలే రాయలేదు. పాతికేళ్ళుగా చేతికి అలవాటైపోయిన పని, రాయాలని కూడా తోచదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. పిల్లలకి ఒంటితో పోలిస్తే తల పెద్దది. ఏడాది పిల్ల తల చుట్టుకొలత దాదాపు 18 అంగుళాలు, రెండేళ్ళకి 19 దరిదాపు. ఛాతీ 20 ఉంటే గొప్ప. మనకైతే తల 22, ఛాతీ 34, 36, ఆపైన. అందుకే మన నైటీ మెడ గురించి ఎప్పుడూ ఆలోచించం, పిల్లల గౌను మెడ మాత్రం ప్రాణం తీస్తుంది.

నేనిచ్చిన కొలత: మెడ సగం వెడల్పు 2 అంగుళాలు, ముందు లోతు రెండున్నర, వెనక లోతు 1. భుజాలు కుట్టాక ఉండాల్సిన కొలతలివి. ఆ మెడ గుంటని చుట్టూ కొలిస్తే 12 అంగుళాలకి కాస్త అటూ ఇటూ వస్తుంది. 12 అంగుళాల గుంటలో 19 అంగుళాల తల ఎలా పడుతుంది? పడదు. వెనక మధ్యలో 4 అంగుళాల చీలిక పెడితే ఆ చీలికకి రెండు అంచులుంటాయి, అంటే 8 కలుస్తుంది. 12కి 8 కలిపితే 20. తల 19. సరిపోయింది, ఒక అంగుళం మిగిలింది కూడా. ఈ కూడిక ఒక్కటి వచ్చేస్తే ఏ వయసు పిల్లకైనా మీరే చీలిక పొడవు తేల్చుకోవచ్చు. టేపు పెట్టి తల కొలవండి, నుదుటి మీంచి, చెవుల పైగా, వెనక ఎత్తుగా ఉన్న చోట మీదుగా. వయసు చూసి అంచనా వెయ్యొద్దు. కొందరు పిల్లలు చిన్నవాళ్ళే, తల మాత్రం నాన్నది.

గుంట కొలిచేటప్పుడు టేపుని పడుకోబెట్టకండి. అంచు మీద నిలబెట్టి వంపు వెంట తిప్పండి. పడుకోబెడితే వంపు దగ్గర మడత పడి అబద్ధం చెబుతుంది.

ఇక మార్జిన్. ఇక్కడ నాకు ఒళ్ళు మండుతుంది, కొంచెం ఓపిక పట్టండి.

మెడ అంచుని ముగించడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి మన జాకెట్టు పద్ధతి: పట్టీని మెడకి మంచివైపు పెట్టి కుట్టి, మొత్తం లోపలికి తిప్పి హెమ్మింగ్ చేస్తాం. బయటికి పట్టీ కనబడదు. రెండోది పైపింగు పద్ధతి: పట్టీ మెడ అంచుని అటూ ఇటూ కప్పేస్తుంది, బయటికి కనబడుతుంది. నేను పిల్లల బట్టలకి ఎప్పుడూ రెండోదే వేస్తాను. హెమ్మింగ్ పని ఉండదు, ఉతికినప్పుడు లోపలి పట్టీ బయటికి తొంగిచూడదు, పిల్ల మెడకి ముడి గుచ్చుకోదు.

జాకెట్టు పద్ధతిలో పావు అంగుళం కుట్టులోకి వెళ్ళి, లోపలికి తిరిగిపోతుంది. గుంట చుట్టూ పావు అంగుళం పెద్దదవుతుంది. పావే కదా అనుకుంటారు. చుట్టూ తిరిగేసరికి అది ఒకటిన్నర అంగుళం. 12 కాస్తా పదమూడున్నర. పిల్ల సన్నని భుజం మీద ఆ ఒకటిన్నర చాలు, గౌను జారిపోవడానికి. జారిపోయిన గౌన్లన్నీ ఇవే. నేను పైపింగు మనసులో పెట్టుకుని మార్జిన్ వద్దన్నాను, మీరు జాకెట్టు అలవాటుతో లోపలికి తిప్పారు.

రెండో రకం వాళ్ళు ఇంకా జాగ్రత్తపరులు. "అప్ప (అంటే నేనే) వద్దంది గానీ, పక్కలకి అర అంగుళం వదిలాం కదా, మెడకీ వదిలితే పోలా" అని గీత లోపలికి అర అంగుళం వదిలి కత్తిరించారు. ఆ మీద పైపింగు వేశారు. గుంట మూడు అంగుళాలు తగ్గిపోయింది. 9 అంగుళాల గుంట పిల్ల మెడకే బిగువు, తల మాట దేవుడెరుగు. 4 అంగుళాల చీలిక పెట్టినా 17, 19 అంగుళాల తల ఇంకా దూరదు.

మూడో రకం కూడా ఒకరున్నారు. వాళ్ళు మార్జిన్‌ని గీతకి బయటవైపు వదిలారు, అంటే గుంట ఇంకా పెద్దదయ్యేలా. పక్క కుట్టుకి మార్జిన్ బయటే కదా అని. పక్కకి బయట అంటే ఒంటికి దూరంగా, గుడ్డ మిగిలేటట్టు. మెడకి గుడ్డ మిగిలేది లోపలివైపు, గుంటలోకి. మార్జిన్ ఎప్పుడూ గుడ్డని పెంచాలి, గాలిని కాదు. కత్తెర పట్టే ముందు గీత మీద వేలు పెట్టి "ఇటు గుడ్డ, ఇటు గాలి" అని పైకి అనండి. నవ్వుకోండి, కానీ అనండి. మా ఇంటికి నేర్చుకోవడానికి వచ్చే అమ్మాయిలందరి చేతా అనిపిస్తాను.

కాబట్టి: పైపింగు వేస్తే మెడకి మార్జిన్ సున్నా. లోపలికి తిప్పితే గీత లోపలివైపు, గుంటలోకి పావు అంగుళం వదలాలి. ఇంకేం లేదు. ఇప్పటికే కత్తిరించేసిన వాళ్ళ సంగతి: చిన్నదైతే సంతోషం, మళ్ళీ గీసి కత్తిరించండి. పెద్దదైతే పైపింగు వెయ్యండి, లోపలికి తిప్పడం మానెయ్యండి. ఆ పైనా జారుతుంటే భుజం కుట్టుని మెడ దగ్గర పావు అంగుళం లోపలికి తీసుకుని, చివరికి వచ్చేసరికి మామూలు కుట్టులో కలిపెయ్యండి. నేనైతే అదే చేస్తాను, ఎవరూ కనిపెట్టరు.

పట్టీకి క్రాస్ గుడ్డ కావాలి. గుడ్డ అంచుని, అంటే కొట్లో పన్నా చివర ఉండే గట్టి అంచుని, పేక దారం, అంటే అడ్డ దారం, మీదికి మడవండి. మూల త్రికోణంగా వస్తుంది. ఆ మడత గీతే క్రాస్. నిజమో కాదో చూడాలంటే రెండు చేతులా పట్టుకుని లాగండి. పడుగు, అంటే నిలువు దారం, వెంట లాగితే కదలదు, పేక వెంట ఇసుమంత, క్రాస్ వెంట జాలీలా సాగుతుంది. ఒకటింపావు అంగుళం వెడల్పున ఆ మడతకి సమాంతరంగా గీతలు గీసి కత్తిరించండి. ఒక అడుగు చదరం గుడ్డ నుంచి రెండున్నర గజాల పట్టీ వస్తుంది, రెండు గౌన్ల మెడలకీ చీలికలకీ సరిపోగా మిగులుతుంది. నిలువు పట్టీ వేసినవాళ్ళ మెడలు చూశాను, ముడతలు పడి గుమ్మడికాయ తొడిమలా ఉన్నాయి. దాని మీద ఇంకో పేజీ రాయను.

చీలికకి ముందు పట్టీ, మెడకి తర్వాత. భుజాలు కలిపి కుట్టెయ్యండి, అది వచ్చు మీకు. వెనక భాగం మధ్యలో సరిగ్గా మడత మీద 4 అంగుళాలు కత్తిరించండి. ఇంకో దారం కూడా ఎక్కువ వద్దు. ఇప్పుడు చీలికని రెండు వైపులా లాగి ఒకే తిన్నని గీతలా తెరవండి. 8 అంగుళాల పొడవైంది కదా, దాని వెంట 9 అంగుళాల పట్టీ పెట్టి పావు అంగుళంలో కుట్టుకుంటూ వెళ్ళండి. మధ్యలో, చీలిక అడుగు దగ్గర, గౌను గుడ్డ సూదికి రెండు మూడు దారాలు మాత్రమే అందుతుంది. అక్కడ ఆగండి. సూదిని గుడ్డలో దించే ఉంచి మెషీన్ పాదం ఎత్తండి. కింద పేరుకున్న మడతని వేలితో వెనక్కి తోసి, పాదం దించి ముందుకెళ్ళండి. తొందరపడితే ఆ మూల చిన్న ముడత పడి, తర్వాత ఎంత ఇస్త్రీ చేసినా పోదు. నాకూ అప్పుడప్పుడూ పడుతుంది. పడితే ఆ అంగుళం మటుకే విప్పుతాను. మొత్తం విప్పక్కర్లేదు.

మెడ పైపింగు కుట్టేటప్పుడు పట్టీని వంపు దగ్గర రవ్వంత లాగి పట్టండి. గౌను గుడ్డని మాత్రం లాగకండి. తిరగేసి చేశారంటే మెడ అలలు అలలుగా లేస్తుంది. వాయిల్, మల్ లాంటి పల్చటి గుడ్డకి 11 నంబరు సూది. 14తో కుట్టి దారం లాగేస్తోందని మెషీన్‌ని తిట్టకండి.

చీలిక మూసెయ్యడానికి ఒక గుండీ, ఒక దారం కాజా. గుండీని నాలుగైదుసార్లు దిట్టంగా కుట్టాలి, ఊడితే తిన్నగా నోట్లోకే. మెడకి నాడా మాత్రం వద్దు. అందంగా ఉంటుందని చాలామంది అడిగారు. జూన్ నడిమధ్య మా వైపు రొజొ పండగొస్తుంది. ఆడపిల్లలకి కొత్త బట్టలు, చెట్టుకి ఊయల. మెడ వెనక వేలాడే నాడా ఊయల తాడుకో తలుపు గొళ్ళేనికో చిక్కుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. గుండీయే.

ఒక చిన్న విషయం, పసిపిల్లలకి కుట్టేవాళ్ళకి. మన బారసాల, ఒరియావాళ్ళ ఏకొఇసియా, రెండూ ఎక్కువగా ఇరవై ఒకటో రోజే. ఆ రోజుకి కొత్త జుబ్బా కుట్టాలని ఉబలాటపడతారు. కుట్టండి, కానీ వెనక మొత్తం తెరిచి ఉండేలా కుట్టండి. మెడ నిలబడని పసికందు తల మీంచి ఏదీ తొడగొద్దు. గుడ్డ పాత పంచెదైతే ఇంకా మేలు, ఉతికి ఉతికి మెత్తబడి ఉంటుంది. కొత్త నూలు గుడ్డ నూటికి మూడు నుంచి ఐదు వంతులు ముడుచుకుంటుంది. తడిపి ఆరేశాకే కత్తెర. ఒక కొట్లో "ఇది ముడవదమ్మా" అని చెప్పి అమ్మిన గుడ్డతో నేను కుట్టిన లంగా మొదటి ఉతుకుకే పాదం మీంచి పిక్క మీదికెక్కింది. అప్పట్నుంచి ఎవరు ఏం చెప్పినా తడపాల్సిందే.

మీకోసం నైటీ మొదలుపెట్టినవాళ్ళు: సగం వెడల్పు మూడున్నర, ముందు లోతు 6, వెనక 3. చుట్టూ 25 దాకా వస్తుంది, మీ తల 22. చీలిక అక్కర్లేదు. పద్ధతి ఇదే, పట్టీ పొడుగు మాత్రం ఎక్కువ.

ఇక అభ్యాసం. పసుపు రంగు, పువ్వుల రంగు కొత్త గుడ్డలు అన్నీ బీరువాలో పెట్టి తాళం వెయ్యండి. పాత దిండు గలీబులు మూడు తియ్యండి. ఒక్కోదాని మీద ఒక్కో మెడ: ఒకటి మార్జిన్ లేకుండా పైపింగు, ఒకటి పావు అంగుళం మార్జిన్‌తో లోపలికి తిప్పింది, మూడోది మార్జిన్ లేకుండానే లోపలికి తిప్పింది, అంటే కావాలని చేసిన తప్పు. మూడింటికీ చీలిక పెట్టండి. మూడింటినీ కుట్టాక టేపు నిలబెట్టి కొలిచి అంకెలు గలీబు మీదే చాక్‌పీసుతో రాయండి. మూడోదాని అంకె చూస్తే నేను పైన అంత గోల ఎందుకు చేశానో తెలుస్తుంది. తర్వాత మొదటిదాన్ని పూర్తిగా విప్పి మళ్ళీ కుట్టండి. అవును, బాగా వచ్చినదాన్నే. ఇంకా మీ వీధిలో అయిదుగురు పిల్లల తలలు కొలిచి వయసుతో సహా రాసుకోండి. బిస్కెట్లు దగ్గర పెట్టుకోండి, నిలబడరు.

పక్కింటి పసుపు గౌనుకి ఆ సాయంత్రమే చీలిక పట్టీ వేశాను. పసుపు గుడ్డ మిగల్లేదని ఆకుపచ్చ పట్టీ వేస్తే, ముందే అలా అనుకుని కుట్టినట్టు ఉంది. వచ్చే పాఠం కుచ్చులే. ఛాతీ చుట్టుకొలతకి రెండింతల ఘేరు, అంటే కుచ్చుల భాగం చుట్టుకొలత, కావాలి, గుడ్డ ఇప్పుడే కొని తడిపి ఉంచండి.