విక్టోరియా రూపాయి కొనే ముందు

అమలాపురం, పాలకొల్లు వైపు పాత పెట్టెలో వెండి రూపాయి దొరికితే, ఇంట్లోవాళ్లు ముందు చేసే పని చింతపండు పెట్టి తోమడం. ఆ పని చేయకండి. తోమిన గీతలు ఇక పోవు, సేకరించేవాడు దాన్ని వెండి ధరకే అడుగుతాడు. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, నూలుగుడ్డతో రుద్దకుండా అద్దితే చాలు.

విక్టోరియా నుంచి 1939 దాకా వచ్చిన రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో వెండి 91.7 శాతం. బరువు పాత తులమే. ఇప్పుడు కొట్లో తులమంటే 10 గ్రాములు కూడా కావచ్చు, అందుకే బేరం గ్రాముల్లోనే ఆడండి. 1940 నుంచి 1945 వరకు బరువు అదే, వెండి మాత్రం సగం. 1947 నాటి పులి బొమ్మ రూపాయి నికెల్, అయస్కాంతానికి అంటుకుంటుంది.

తూకం సరిపోయినా నీటి పరీక్ష చేయండి. 0.01 గ్రాము చూపే కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, నాణేన్ని సన్నదారంతో గ్లాసు అడుగుకీ గోడకీ తగలకుండా ముంచండి. అప్పుడు కాటా 1.13 దగ్గర చూపాలి. సగం వెండిదైతే 1.22 దగ్గరికి వెళ్తుంది. నాణేనికి గాలి బుడగలు పట్టుకుంటే అంకె తప్పుగా పెరుగుతుంది, తట్టి వదిలించండి. అరిగినదైతే దాని బరువును కాటా చూపిన అంకెతో భాగించండి, 10.3 రావాలి.

నాణెం మీది బొమ్మ తల పైన అంచు చూడండి. మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికించి, తర్వాత తీసి ఆకురాయితో నున్న చేసినవి మన దగ్గర చాలానే ఉన్నాయి. టంకం మరక, సాపైన అంచు పట్టిస్తాయి.

ఇక బొమ్మల సంగతి. విక్టోరియా పేరు పక్కన 1862 రూపాయిపై క్వీన్ అని, 1877 నుంచి ఎంప్రెస్ అని ఉంటుంది. అసలు గోల 1911 ఐదో జార్జి రూపాయిది. రాజు వస్త్రం మీది ఏనుగు తొండం పొట్టిగా వచ్చి పందిలా కనబడింది. జనం మండిపడితే ఆ నాణేలను వెనక్కి తీసుకుని కరిగించారు, 1912లో తొండం పొడవు చేశారు. 1911ది అమ్మజూపితే లెన్సుతో ముందు తొండం, తర్వాత సంవత్సరం అంకెలు చూడండి. 1939 కూడా అరుదు, 1938 నాణెం మీది 8ని గీకి 9 చేస్తారు. రాముడి బొమ్మ, ఈస్టిండియా కంపెనీ పేరు రెండూ కలిసి ఉన్నవి అసలు నాణేలే కావు.

కోనసీమ గాలిలో తేమ, ఉప్పు ఎక్కువ. పీవీసీ కవర్లలో పెడితే పచ్చని జిగురు పడుతుంది, రబ్బరు బ్యాండు చుడితే గంధకంతో నల్లబడుతుంది. మైలార్ (పాలిస్టర్) కవరు, బిగుతు మూత డబ్బా, తేమ పీల్చే సిలికా జెల్ వాడండి.

పొలంలో పాతిన నాణేలు దొరికి, విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి, 1878 చట్టం అది. వందేళ్లు దాటినవాటిని అనుమతి లేకుండా విదేశానికి పంపకూడదు.