యాస జోలికి పోకుండా ఉచ్చారణ సరిదిద్దుకోవడం ఎలా

వార్తలు చదవాలని, ఆడియో పుస్తకాలకు గొంతు ఇవ్వాలని వచ్చే యువతీయువకులకు ఉచ్చారణ నేర్పడం నా వృత్తి. వచ్చినవారిలో చాలామంది కుర్చీలో కూర్చుంటూనే అనే మాట, "మేడమ్, నా యాస పోగొట్టండి." అది నా పని కాదని మొదటే చెప్పేస్తాను. మాట ఎక్కడ సాగుతుంది, ఎక్కడ తెగుతుంది, వాక్యం చివర గొంతు లేస్తుందా దిగుతుందా అన్నది యాస. ఒక అక్షరం పలకవలసిన చోట ఇంకో అక్షరం పలకడం ఉచ్చారణ దోషం. మొదటిది వినేవాడికి కొత్తగా ఉంటుంది, అంతే. రెండోది అర్థాన్నే మార్చేయగలదు. ఎదుటివారి మాట విని చిరాకు పడేవాళ్లు ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తారు. మీరు ఆ పని చేయకండి.

ముందుగా ఫోనులో రెండు రికార్డింగులు చేయండి. ఒకటి, దినపత్రికలోని ఒక వార్త చదవండి. రెండోది, కాగితం లేకుండా ఆవకాయ పెట్టే పద్ధతో, మీ ఊరి జాతర సంగతో చెప్పండి. రెండూ పక్కపక్కన వినండి. తప్పు రెండింటిలోనూ ఉంటే అది నాలుకకు అలవాటైన తప్పు, దానికి సాధన కావాలి. చదివేటప్పుడే వస్తోందంటే అది భయం, లేదా గొప్పగా పలకాలన్న తాపత్రయం. దానికి మందు వేరు.

తాపత్రయం అన్నాను కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం. ఖ, ధ, భ లాంటి ఒత్తులు పలకడం రాదని ఎవరో ఎగతాళి చేస్తారు. ఆనాటి నుంచి ఆ మనిషి కనిపించిన ప్రతి అక్షరాన్నీ ఒత్తడం మొదలుపెడతాడు. 'బాధ' కాస్తా 'భాద' అవుతుంది, 'ఉచ్చారణ' 'ఉచ్ఛారణ' అవుతుంది, 'శతాబ్ది' 'శతాబ్ధి' అవుతుంది. 'ప్రశంస' లాంటి మాటలో శ, స చోట్లు మార్చుకుని 'ప్రసంశ' అయిపోతుంది. ఒత్తు లేకుండా పలికినవాడికన్నా లేని ఒత్తు పెట్టినవాడే నా చెవికి ఎక్కువ కష్టం. అచ్చ తెలుగు మాటల్లో ఒత్తక్షరాలు దాదాపు ఉండవు, సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లోనే అవి ఎక్కువ. కాబట్టి అనుమానం వస్తే నిఘంటువు తెరవండి, ఊహించి ఒత్తకండి. ఒకటి మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి: సగం రాత్రి 'అర్ధరాత్రి', మాటకు ఉండేది 'అర్థం'. ఒత్తు పడిందో లేదో తెలియాలంటే సన్నని కాగితం ముక్కను పెదవుల ముందు పట్టుకుని 'క', 'ఖ' అనండి. రెండోదానికి కాగితం స్పష్టంగా కదలాలి.

ఇక ళ, ణ. చాలామంది నోట ఇవి ల, న గా జారిపోతాయి. నాలుక ఎలా తిప్పాలో తెలియడం లేదంటారు. తెలుసు, లేకపోతే 'ట' ఎలా పలుకుతున్నారు? 'ట' అనబోయి ఆగండి. నాలుక కొస వెనక్కి మడిచి అంగిలికి ఆనిన చోటును గమనించండి. అక్కడే ఉంచి, గాలిని నాలుక పక్కల నుంచి వదిలితే ళ, ముక్కులోంచి వదిలితే ణ. "అట, అళ, అణ" అని కొంతసేపు తిప్పండి. తరవాత మాటల్లోకి రండి: కల, కళ, వేల, వేళ, గోల, గోళం. "నల్లని కళ్లు, తెల్లని పళ్లు" అన్న నాలుగు మాటలు తడబడకుండా వచ్చిన రోజున ళ మీ సొంతమైనట్టే. పత్రికల్లో 'కళ్లు' అని కింద ల వత్తు వేసి అచ్చు వేస్తారు కదా అని ళ తరవాత ల పలకకండి. పలికేది ళ్ళ మాత్రమే.

శ, ష, స ల విషయంలో రెండు రకాల తప్పులు వినిపిస్తాయి. కొందరు 'విశాఖ'ను 'విసాక' అంటారు. నగరాల్లో పెరిగిన పిల్లలు 'శాంతి'ని 'షాంతి' అంటారు. మొదటిది వింటే నవ్వేవాళ్లకు రెండోది అసలు వినిపించదు, అదేం న్యాయమో! శ పలకాలంటే నాలుక కొసను కింది పళ్ల వెనక ఆనించి 'ఇ' అనండి. నాలుకను కదపకుండా గాలి మాత్రం వదలండి, శ వస్తుంది. ష కు 'ట' చోటుకు పోవాలి. స కు కొస పై పళ్ల దగ్గరికి రావాలి. సాధనకు "శాసనసభ విశేష సమావేశాలు" చాలు.

అసలు గొడవంతా చ, జ ల దగ్గర ఉంది. వీటికి తెలుగులో రెండేసి ఉచ్చారణలు ఉన్నాయని బడిలో చెప్పడం తగ్గిపోయింది. అచ్చ తెలుగు మాటల్లో అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓ ల ముందు చ పళ్ల దగ్గర పుడుతుంది. దాన్ని దంత్యం అంటారు. చలి, చాప, చుక్క, చూపు, చోటు అలాంటివి. ఇ, ఈ, ఎ, ఏ ల ముందు అంగిలి దగ్గర పుడుతుంది. చిలుక, చీమ, చెట్టు, చేప అలాంటివి. ఇది తాలవ్యం. సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో ఏ అచ్చు ముందైనా తాలవ్యమే: చంద్రుడు, చరిత్ర. జ కూడా అంతే. జడ, జున్ను, జోల ఒక రకం. జింక, జీతం, జనం, జయం ఇంకో రకం. పాత పుస్తకాల్లో దంత్యానికి అక్షరం నెత్తిన ౨ అంకె పెట్టి ౘ, ౙ అని అచ్చు వేసేవారు. ఆ గుర్తు పోవడంతో చూసి చదివే తరానికి శబ్దం కూడా పోయింది. దంత్య చ రాకపోతే, నాలుకను 'త' చోట ఆనించి స లోకి వదలండి.

దీన్ని పరీక్షించడానికి నా దగ్గర ఒక వాక్యం ఉంది: "చలికాలం చంద్రుడు చెట్టు చాటున ఉన్నాడు." మొదటిదీ చివరిదీ దంత్యాలు, నడిమి రెండూ తాలవ్యాలు. నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన ఒక అబ్బాయి తన మాట తీరు మీద అందరూ నవ్వుతున్నారని కుంగిపోయి ఉన్నాడు. ఈ వాక్యం ఇస్తే నాలుగు చ లనూ ఎక్కడివక్కడ పెట్టినట్టు పలికాడు. అతని మాటకు ముసిముసిగా నవ్వుతున్న నగరపు అమ్మాయి నాలుగింటినీ ఒకేలా పలికింది. ఆ వారమంతా ఆమెకు చ నేర్పే పని అతనికే అప్పగించాను.

సరిదిద్దాల్సిన అవసరం లేనివీ ఉన్నాయి. 'బ్రహ్మ'ను 'బ్రమ్హ' అనీ, 'మధ్యాహ్నం'ను 'మధ్యాన్హం' అనీ తెలుగునాట దాదాపు అందరూ పలుకుతారు. 'కృష్ణ'లో మనకు రు వినిపిస్తే హిందీవారికి రి వినిపిస్తుంది. 'జ్ఞానం'ను మనం ఒకలా, మరాఠీవారు ఇంకోలా అంటారు. వేద పాఠం చెప్పేవారికి తప్ప వీటితో ఎవరికీ పేచీ అక్కర్లేదు.

ఇక మీరు చెప్పించుకునేవారు కాక చెప్పేవారైతే, అడిగినవారికే చెప్పండి. నలుగురిలో చెప్పకండి, వాక్యం మధ్యలో ఆపకండి, వారి గొంతును అనుకరించి చూపకండి. ఒక విడతకు ఒక్క శబ్దమే పట్టుకోండి. కూరగాయలమ్మే ఆవిడ, వియ్యాలవారు, పక్కింటి తాతగారు మీ విద్యార్థులు కారు.

వేరే ప్రాంతం యాస వినలేక చిరాకు పడేవారికీ ఒక సాధన ఉంది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ఊరూరి వ్యవసాయ పదాలు సేకరింపజేసి 1962లో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం తెచ్చారు. తెలుగులో నాలుగు మాండలిక మండలాలను గుర్తించిందీ ఆయనే: కళింగాంధ్ర, కోస్తా, రాయలసీమ, తెలంగాణ. మీకు ఏ మండలం మాట గుచ్చుకుంటోందో ఆ ప్రాంతంవారి ఉపన్యాసమో, హరికథో, ఇంటర్వ్యూనో తీరిగ్గా పూర్తిగా వినండి. దశాబ్దాలపాటు మన సినిమాలు తెలంగాణ మాటను హాస్యగాళ్లకూ ప్రతినాయకులకూ పంచిపెట్టాయి కాబట్టి, ఆ చిరాకులో మీ చెవిదెంతో, వెండితెరదెంతో కూడా చూసుకోండి.

చివరగా ఊరి పేర్లు. వీటికి నిఘంటువు పనికిరాదు, ఆ ఊరివారు పలికిందే ఒప్పు. వార్త చదివే ముందు అక్కడి విలేకరికి ఫోను చేసి పేరు ఒకసారి పలికించుకోండి. పేరులో చ, జ, ళ ఉంటే రెండుసార్లు పలికించుకోండి.